పిండి గీత

నా కాలు గీత దాటలేదు.

ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. అమ్మతో అనలేదు. నాన్నతో అసలే అనలేదు. ఏ రోజుకారోజు నాలుగు ముక్కలైనా రాసుకోకపోతే తోచని నేను, డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో ఉన్నది ఇంతే: “ఎండ బాగా కాసింది. పులిహోర మిగిలింది. నా గాజులు నాన్న జేబులో ఉండిపోయాయి.”

నిన్న మా డ్రైవ్‌వేకి నల్ల పూత వేసి వెళ్ళారు. ఇల్లు అమ్మకానికి పెట్టాం. చూడ్డానికి వచ్చేవాళ్ళ కళ్ళు ముందు పడేది దాని మీదే, పగుళ్ళు పూడ్పించి పూత వేయించండి అని ఏజెంటు చెప్పింది. పనికి వచ్చినాయన గరాజ్ తలుపు ముందున్న తెల్ల గీత దగ్గర ఆగి, బూటు మొనతో గీకి చూసి, ఇదేమిటని అడిగాడు. ఏమీ లేదన్నాను. మధ్యాహ్నానికి తారు వాసన వంటింటి దాకా వచ్చింది. కిటికీలోంచి చూస్తే వీధి అంచు నుంచి గరాజ్ దాకా ఒకటే నలుపు. అమ్మ కూడా వచ్చి నా పక్కన నిలబడి చూసింది. “బాగా కుదిరింది,” అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ గీత నాన్న వేసినది. దానికంటే ముందు అక్కడ అమ్మ వేసిన గీత ఉండేది.

*

నాకప్పుడు పన్నెండేళ్ళు. మా చుట్టుపక్కల ఉన్న తెలుగు నాన్నలు దాదాపు అందరూ కార్ల కంపెనీల్లోనే పనిచేసేవారు. పిల్లలం వాళ్ళ పేర్లు పట్టించుకునేవాళ్ళం కాదు. కారులో ఏ ముక్క ఎవరు తయారుచేస్తే వాళ్ళు ఆ అంకుల్. రేడియేటర్ అంకుల్, సీట్ల అంకుల్, వైపర్ల అంకుల్. ఎవరింట్లో తలా ఒక వంటకం పట్టుకొచ్చే పాట్‌లక్ అయినా సరే, ఒక కారుకు కావలసినవన్నీ ఆ హాల్లో కూర్చుని పెరుగన్నం తింటూ ఉండేవి. మా నాన్న కారు తలుపుల గొళ్ళాలు డిజైన్ చేసేవాడు. అందుకని తలుపుల అంకుల్.

ఇప్పుడు గుడి ఉంది. పది నిమిషాల దూరంలో కొట్టుంది, అందులో కరివేపాకు కట్టలుగా దొరుకుతుంది. అప్పుడు ఒక్క రెమ్మ కోసం ఆంటీలు ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవారు. పప్పులూ పిండ్లూ షికాగో నుంచి కార్ల వెనక డిక్కీల్లో వచ్చేవి. రికోటా చీజ్‌ని మూకుట్లో గంటలకొద్దీ కలియబెట్టి కోవా అనుకునేవాళ్ళం. తెల్లవాళ్ళు పొద్దున్నే పాలల్లో వేసుకునే బియ్యపు పేలాలకు ఇంగువ తాలింపు పెట్టి మిక్చర్ అనుకునేవాళ్ళం. తెలుగు వారపత్రికలు ఓడ మీద కట్టలు కట్టలుగా, వరస తప్పి వచ్చేవి. ఏ సీరియల్‌కైనా ముగింపు ముందు చదివి మొదలు తర్వాత చదివేదాన్ని. నాకు తెలుగు నిలిచింది అలాగే. ఇంటికి ఎవరొచ్చినా ఆ కట్టల వెనక చేరేదాన్ని.

“మీ అమ్మాయి అసలు మాట్లాడదా?” అని ఆంటీలు అడిగేవారు.

“మాట్లాడుతుంది. మనతో కాదు,” అనేది అమ్మ.

ఆ చలికాలం మొదట్లో నాన్న కంపెనీలో ఒక అంతస్తు మొత్తం ఖాళీ చేశారు. ఆ అంతస్తులో నాన్న బల్ల ఉంది. లే ఆఫ్ అన్న మాట మా ఇంట్లో ఎవరూ గొంతెత్తి అనలేదు. అమ్మ మాల్‌లో ఒక బట్టల షాపులో స్వెట్టర్లు మడతపెట్టే పనికి కుదిరింది. నాన్నకు మంచు తవ్వడమే ఉద్యోగమైంది. పిల్లలు మాత్రం ఆయన్ని తలుపుల అంకుల్ అనే పిలిచేవారు. అలా పిలిచినప్పుడల్లా నేను అమ్మ మొహం వైపు చూసేదాన్ని.

నాన్నకు అది చెడ్డకాలం. నాకు అంతకంటే మంచికాలం మళ్ళీ రాలేదు. స్కూలు బస్సు దిగేసరికి నాన్న ఇంట్లో ఉండేవాడు. మంచు తవ్వి, తవ్వి, వీధి నుంచి గరాజ్ దాకా డ్రైవ్‌వేని పిచ్‌లా శుభ్రం చేసి పెట్టేవాడు. రెండు పక్కలా నా నడుమెత్తు మంచుగోడలు. ఒకరోజు టెన్నిస్ బంతికి కరెంటు టేపు చుట్టి నా చేతిలో పెట్టాడు. “పట్టుకో. మూడు వేళ్ళతో. తలుపు గుండ్రటి పిడి తిప్పినట్టు తిప్పు,” అన్నాడు. నాకు అన్నదమ్ములు లేరు. ఉంటే ఆ బంతి నా చేతికి వచ్చేదో కాదో.

డ్రైవ్‌వే వీధిలో కలిసేచోట చెత్త డబ్బా స్టంప్స్. గరాజ్ లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి, గడప దగ్గర ఆగి బంతి వెయ్యాలి. గరాజ్‌లో ఎడమపక్క అమ్మ స్టేషన్ వ్యాగన్ ఉండేది కాబట్టి నేను ఎప్పుడూ కుడిపక్క నుంచే పరిగెత్తాను. మామూలుగా అందరూ స్టంప్స్‌కి ఎడమపక్క నుంచి వేస్తారని, నాది తిరగేసిన పద్ధతి అని నాకు చాలాకాలం తెలియదు. “అదీ మంచిదే. బంతి వాళ్ళ కాళ్ళ వెనక నుంచి తిరుగుతుంది. ఎవరూ చూసుకోరు,” అన్నాడు నాన్న.

బంతి వేసేటప్పుడు కాలు దాటకూడని గీత ఒకటి ఉండాలి కదా. నాన్న వంటింట్లోకి వెళ్ళి బియ్యప్పిండి డబ్బా పట్టుకొచ్చాడు. అమ్మ వెనకే పరిగెత్తుకొచ్చింది.

“షికాగో నుంచి మోసుకొచ్చిన పిండండీ అది! కావాలంటే మైదా పోసుకోండి.”

“మైదా ముద్దకడుతుందే. ధార రాదు.”

“ముగ్గుల సంగతి మీరు నాకు చెప్తున్నారా?” అని అమ్మ ఆయన చేతిలో డబ్బా లాక్కుంది. ఒంటిమీది కోటుతోనే వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారవిడుస్తూ, గడప ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క ఊపులో గీత లాగేసింది. స్కేలు పెట్టి గీసినా అంత తిన్నగా రాదు.

అప్పట్నుంచి అది అమ్మ పని. నేను బంతి వేసినప్పుడల్లా నాన్న వచ్చి, గుర్రానికి నాడా చూసినట్టు, నా బూటు ఎత్తి చూపించమనేవాడు.

“రూల్ ప్రకారం మడమ గీత లోపలుంటే చాలు. మనకు ఆ దయ అక్కర్లేదు. బూటుకి పిండి అంటకూడదు. అంటిందంటే ఆ బంతి బంతే కాదు.”

మొదట్లో అంటేది. మంచు కరిగేనాటికి అంటడం మానేసింది. కళ్ళు మూసుకుని పరిగెత్తినా నా కాలు గీతకు వేలెడు ఇవతల ఆగేది. అప్పుడు నాన్న బేస్‌మెంట్ గోడలకు వెయ్యగా మిగిలిన తెల్లరంగు తెచ్చి, అమ్మ గీత మీదుగానే పక్కా గీత వేశాడు. “ఇక పిండి దండగ లేదు,” అన్నాడు. అమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా.

*

బ్రేకుల అంకుల్ మా అందరిలోకీ ముందుగా ఈ దేశం వచ్చినవారు. కార్ల బ్రేకులు పరీక్షించే డిపార్ట్‌మెంటుకి పెద్ద. ఎవరింటికొచ్చినా మంచి కుర్చీ ఆయనది. ఒక ఆదివారం పెరట్లో బొగ్గుల మీద మొక్కజొన్నపొత్తులు కాలుస్తుంటే, ఆయన నాన్న భుజం మీద చెయ్యేసి అన్నారు:

“ఏమోయ్, మా దగ్గర ఒక పొజిషన్ ఓపెన్ అవుతోంది. సమ్మర్ పిక్నిక్‌కి మా బాస్‌ని తీసుకొస్తున్నా. క్రికెట్ చూస్తానంటున్నాడు. నిన్ను ఇంట్రడ్యూస్ చేస్తా. మిగతాది నాకొదిలెయ్.”

అంతే. ఆ తర్వాత మా ఇంట్లో అన్నీ పిక్నిక్‌కి ముందు, పిక్నిక్ తర్వాత అని రెండు భాగాలైపోయాయి. పంటి డాక్టరు, పిక్నిక్ తర్వాత. కారు టైర్లు, పిక్నిక్ తర్వాత. పిక్నిక్‌కి ముందు చెయ్యవలసింది నాన్న జుట్టు కత్తిరించడం, అమ్మ మిరపకాయలు లేని గారెలు చెయ్యడం నేర్చుకోవడం.

ఆ రోజు కారులో అమ్మ ముందు సీట్లోంచి అంది: “ఆయన ఏం జోకేసినా నవ్వండి.”

“నవ్వడానికేం, ఇప్పట్నుంచే ప్రాక్టీస్ చేస్తున్నా,” అని నాన్న గట్టిగా నవ్వి చూపించాడు. అది విని నేను వెనక సీట్లో నిజంగా నవ్వాను. నా ఒళ్ళో పులిహోర ట్రే వెచ్చగా ఉంది. మా పిక్నిక్‌ల వాసన నాకు ఇప్పటికీ అదే: వేడెక్కిన అల్యూమినియం ఫాయిల్, నిమ్మకాయ, కొత్తగా కోసిన గడ్డి.

ఏటా జరిగే ఆట అది. పెళ్ళయినవాళ్ళు ఒక జట్టు, కానివాళ్ళు ఒక జట్టు. సంసారులు, సన్నాసులు అని పేర్లు. స్కూలు వెనకాల బేస్‌బాల్ గ్రౌండులో, సీట్ల అంకుల్ ఇంట్లో నీళ్ళొచ్చి పాడైతే పీకేసిన ఆకుపచ్చ కార్పెట్టు పరిచి, చుట్టూ మేకులు దిగ్గొట్టేవారు. అది పిచ్. ఎండ ఎక్కేకొద్దీ దాన్నుంచి బేస్‌మెంట్ వాసన పైకొచ్చేది. టమాటా మొక్కలకు ఆసరా పాతే కర్రలు స్టంప్స్. రెండు వైపులా గీతలు మాత్రం అమ్మే వెయ్యాలి. సున్నం ఎవరి దగ్గరా లేదు, తిన్నగా గీసే చెయ్యి మగవాళ్ళెవరికీ లేదు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఆకుపచ్చ కార్పెట్టు మీద అమ్మ పిండి గీతలు లాగుతుంటే ఆట చూడ్డానికి వచ్చిన బాసు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. ఇదేమైనా పూజా అని అడిగాడట. పిచికలు అప్పుడే వచ్చి వాలాయి.

బాసు ఎర్రగా, లావుగా, మంచివాడిలాగే ఉన్నాడు. గారెను ఫోర్కుతో కోసుకు తింటున్నాడు. అమ్మ ఆయన కోసం వేరుగా పెట్టిన గారెల ట్రేనీ మామూలు గారెల ట్రేనీ పిల్లలెవరో మార్చేశారు. రెండో గారెకు ఆయన కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. బ్రేకుల అంకుల్ మజ్జిగ గ్లాసు పట్టుకుని పరిగెత్తారు. చెట్టు వెనక మేం నోళ్ళు మూసుకుని నవ్వాం. నాన్న మాత్రం నవ్వలేదు. బాసు చెయ్యి కడుక్కుని వచ్చేదాకా అలాగే నిలబడి, అప్పుడు తన పేరు చెప్పి చెయ్యి చాపాడు. ఆయన ఆ చెయ్యి ఊపి, “యూ ప్లే టూ?” అన్నాడు. ఇంట్రడ్యూస్ చెయ్యడం అంటే అంతే అయింది.

సన్నాసులకు ఒక మనిషి తక్కువైంది. ఎవరిదో కారు ఫ్రీవే మీద ఆగిపోయింది. వాళ్ళ కెప్టెన్ అప్పుడే యూనివర్సిటీ నుంచి బయటికొచ్చి ఉద్యోగం వెతుక్కుంటున్న సన్నటి అబ్బాయి. నాన్న దగ్గరికొచ్చాడు.

“గురువుగారూ, మీ అమ్మాయిని అప్పిస్తారా? బౌండరీ దగ్గర నించుంటే చాలు.”

“తీసుకెళ్ళు. కానీ చెప్తున్నా, మీవాళ్ళందరికంటే బాగా బౌలింగ్ చేస్తుంది.”

“సన్నాసుల్లో కలుస్తావా పాపా? మరి పెళ్ళి కాదు!” అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. నేను తల వంచుకుని, ఎవరూ లేని మూలకు నడిచాను. కానీ నాన్న ఆ మాట అందరి ముందూ అన్నాడు. అది నాకు చాలు అనిపించింది.

సన్నాసులు ముందు బ్యాటింగ్ చేశారు. భోజనాలయ్యాయి. సంసారులు దిగారు. నాన్న తొందరగానే ఔటయ్యాడు. అంపైర్లు మాకు వేరే ఎక్కణ్ణుంచి వస్తారు? బ్యాటింగ్ చేసే జట్టులో ఔటైనవాళ్ళే తెల్ల టోపీ పెట్టుకుని నిలబడాలి. మా పిక్నిక్ చట్టం అది. ఎవరి వాళ్ళకు వాళ్ళే న్యాయం చెప్పుకోవాలి. నాన్న టోపీ పెట్టుకున్నాడు.

బ్రేకుల అంకుల్ ఆడుతున్నారు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ యాభై కొట్టలేదు. ఆ రోజు నలభై దాటేసరికి ఆంటీలు కూడా కబుర్లు మాని చూస్తున్నారు. బాసుకు పక్కనెవరో లెక్క చెప్తున్నారు. కెప్టెన్ చుట్టూ చూసి, నన్ను చెయ్యూపి పిలిచాడు.

“పాపా, రా. ఈ ఓవర్ నువ్వెయ్యి.” తర్వాత పక్కవాడితో గొంతు తగ్గించి అన్నాడు, “వాళ్ళ బాస్ చూస్తున్నాడ్రా. కొట్టుకోనీ, యాభై అయిపోతుంది పాపం.”

నాకు వినబడింది. బంతి నా చేతికి వచ్చింది నాకోసం కాదు, అంకుల్ కోసం.

గాజులు అడ్డొస్తాయని తీసి నాన్న చేతికిచ్చాను. ఆయన వాటిని గుప్పిట్లో పట్టుకుని, పెదవి కదపకుండా అన్నాడు: “పిండి అంటకూడదు.”

“ఊఁ,” అన్నాను.

నేను కుడిపక్కకు వెళ్ళాను. పొద్దుట్నుంచి అందరూ ఎడమపక్క నుంచే వేశారు. అటు గీత నలిగి చెదిరిపోయింది. కుడిపక్క అమ్మ గీసినది గీసినట్టే ఉంది. ఒక చీమల బారు దాని వెంట పోతోంది.

మొదటి బంతికి అంకుల్ మర్యాదగా బ్యాటు అడ్డుపెట్టి, “వెరీ గుడ్!” అన్నారు. రెండోదాన్ని ఫోర్ కొట్టారు. అందరూ అరిచారు. మూడోది మా డ్రైవ్‌వే మీద వేల సార్లు వేసిన బంతి. ఆయన కాళ్ళకు బయట పడింది. ఆయన మోకాలు వంచి, బాసు కూర్చున్న వైపు ఊడ్చినట్టు బ్యాటు తిప్పారు. బంతి దొరకలేదు. ఆయన కాళ్ళ వెనక నుంచి తిరిగి వెళ్ళి, మధ్య టమాటా కర్రను పడగొట్టింది.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత సన్నాసులందరూ నా మీదికి పరిగెత్తుకొచ్చారు. అంకుల్ వెనక్కి తిరిగి కర్ర వంక చూశారు. బ్యాటు చంకలో పెట్టుకున్నారు. గ్లవ్ తీసుకుంటూ నడవడం మొదలుపెట్టారు. నాలుగు అడుగులు వేసి ఉంటారు. అప్పుడు బాసు తొడ చరుచుకుని, గ్రౌండంతా వినబడేలా నవ్వాడు. “ద లిటిల్ గర్ల్ గాట్ యూ!” అన్నాడు. అంకుల్ ఆగారు. ఆయన మెడ నుంచి చెవుల దాకా నల్లగా కందిపోయింది.

“నో బాల్,” అన్నాడు నాన్న.

ఆయన చెయ్యి పక్కకు చాపి ఉంది. గుప్పిట్లో నా గాజులు ఎండకు మెరుస్తున్నాయి.

కెప్టెన్ తిరిగి చూశాడు. “అదేంటి గురువుగారూ, ఇంతసేపటికా?”

“కాలు దాటింది. చూశాను.”

“ఏదీ?” అంటూ కెప్టెన్ గీత దగ్గరికి వస్తున్నాడు. నాన్న ఒక అడుగు ముందుకు వేశాడు. ఆయన గోధుమరంగు బూటు కుడిపక్క పిండి గీత మీద పడింది. అక్కడే నిలబడ్డాడు.

కెప్టెన్ ఆ బూటు వంక చూశాడు. నాన్న మొహం వంక చూశాడు. “సరే. తమరు బ్రహ్మ, తమరు రాసిందే రాత,” అని నవ్వి వెళ్ళిపోయాడు. అందరూ నవ్వారు. అంకుల్ తిరిగొచ్చారు. గ్లవ్ తొడుక్కుంటూ నాతో అన్నారు, “బాగా వేశావు పాపా. కాలు మాత్రం చూసుకోవాలి.”

నాన్న నా వైపు చూస్తాడని నిలబడ్డాను. టోపీ అంచు కిందికి లాక్కుని స్టంప్స్ సరిచేస్తున్నాడు. తర్వాతి బంతిని ఎలా వేశానో నాకు తెలియదు. అది బేస్‌బాల్ కంచె అవతల పడింది. యాభై. బాసు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

కప్పుగా ఇచ్చే స్టీలు బిందె అంకుల్ నెత్తిన పెట్టుకుని ఫోటో దిగారు. కారెక్కబోతూ నాన్న భుజం తట్టి, “మండే కాల్ చేస్తా,” అన్నారు. దారంతా నాన్న ఆటలో జరిగినవి ఒక్కొక్కటే చెప్పాడు, నా ఓవర్ తప్ప. అమ్మ ఊఁ కొట్టింది.

ఇంటికొచ్చాక వెనక మెట్ల మీద అమ్మ తడిగుడ్డతో బూట్లు తుడవడానికి కూర్చుంది. ముందు నావి తీసుకుంది. మొన తిప్పి చూసింది, అడుగు తిప్పి చూసింది. కోసిన గడ్డిపరకలు ఉన్నాయి. తెల్లగా ఏమీ లేదు. తర్వాత నాన్నవి తీసుకుంది. కుడి బూటు మొన తెల్లగా ఉంది. ఆ రెండు జతలనూ పక్కపక్కన పెట్టింది. నేను తలుపు దగ్గర ఉన్నానని అప్పుడు చూసింది.

“చేతులు కడుక్కో. అన్నం పెడతా,” అంది.

*

సోమవారం నాన్న ఫోనున్న బల్ల పక్కకే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వంటింట్లోకి వెళ్ళవలసి వస్తే పొడుగాటి వైరుతో సహా ఫోనును వెంట తీసుకెళ్ళాడు. ఆ వారమంతా అంతే. పై వారం తనే చేశాడు. “హైరింగ్ ఫ్రీజ్ అట, ఎవర్నీ తీసుకోవట్లేదట,” అన్నాడు. “వాళ్ళు మాత్రం ఏం చేస్తారు.” ఆకులు రాలేవేళకు తెలిసింది, ఆ ఉద్యోగం ఇచ్చారని. సన్నాసుల కెప్టెన్‌కి. అతను స్వీట్లు పట్టుకుని మా ఇంటికి కూడా వచ్చాడు. నాన్న అతన్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టాడు. అతను వెళ్ళాక, “కుర్రాడు కదా, తక్కువ జీతానికి వస్తాడు,” అని అమ్మకు సర్దిచెప్పాడు. అమ్మ స్వీట్ల పెట్టె తెరవలేదు.

ఒక సాయంత్రం నాన్న బంతి ఎగరేసుకుంటూ నా గది గుమ్మంలోకి వచ్చాడు.

“వెలుతురుంది ఇంకా. వస్తావా?”

“హోంవర్క్ ఉంది.”

మర్నాడూ వచ్చాడు. మర్నాడూ హోంవర్క్ ఉంది. తర్వాత బంతి గరాజ్ అలమరలో పెయింటు డబ్బాల పక్కకు చేరింది. నా గాజులు ఆయన ప్యాంటు జేబులోంచి ఉతుకుడు మెషీన్‌లో పడి, వాటిమీది రంగుపోయి బయటికొచ్చాయి. గీత మీదుగా కారు రోజూ లోపలికీ బయటికీ తిరిగింది.

నాన్న చివరికి దూరంగా ఒక చిన్న కార్ఖానాలో కుదిరాడు. వేరేవాళ్ళు డిజైన్ చేసిన విడిభాగాలకు డ్రాయింగులు దిద్దే పని. యంత్రాల చప్పుడుకు ఒక చెవి సరిగ్గా వినబడేది కాదు. పిక్నిక్‌లకు వెళ్ళడం మానేశాం. మేం మానేసినందుకు కాదుగాని, కొన్నాళ్ళకు ఆ పిక్నిక్‌లే పోయాయి. కొందరు టెక్సస్ వెళ్ళారు, కొందరు పెద్ద ఇళ్ళు కొనుక్కుని వేరే ఊళ్ళు వెళ్ళారు. కంపెనీలు మూసేసినప్పుడల్లా కారులో ఒక్కో ముక్క ఊడిపోయింది. ఇప్పుడెవరినీ ఎవరూ రేడియేటర్ అంకుల్ అనరు. నేను లైబ్రరీలో పనిచేస్తున్నాను. అక్కడ ఎక్కువ మాట్లాడకపోతే మెచ్చుకుంటారు.

నాన్న ఈ ఏడు చలి తగ్గకముందే పోయాడు. గుండె. నాతో ఆ రోజు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒకే ఇంట్లో ఇద్దరం అన్నేళ్ళు ఆ గీతకు చెరో పక్క నడిచాం.

పెద్దకర్మనాటి భోజనాలకు బ్రేకుల అంకుల్ వచ్చారు. జుట్టంతా తెల్లబడింది. రిటైరై ఫ్లోరిడా వెళ్ళిపోతున్నానని చెప్పారు. భోజనాలయ్యాక కిటికీ పక్క మంచి కుర్చీలో కూర్చున్నారు. అమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. నేను కాఫీ తీసుకెళ్ళాను. ఆయన బయటికి చూస్తూ నవ్వారు.

“ఆ గీత ఇంకా ఉందే! నీకు గుర్తుందామ్మా? ఆ రోజు నువ్వు నన్ను క్లీన్‌గా బౌల్డ్ చేశావు.”

నేను కప్పూ సాసరూ ఆయన చేతికిచ్చాను.

“నో బాలూ లేదు, ఏమీ లేదు. నేను నడిచిపోతున్నా కదా. మీ నాన్నే పిలిచాడు. నాకోసమే అనుకో, పాపం.” కాఫీ ఊదుకుని ఒక గుక్క తాగారు. “కారులో మా బాస్ అడిగాడమ్మా, ఆ అంపైర్‌నేనా నువ్వు హైర్ చేద్దామంటున్నది అని. నవ్వుతూనే అడిగాడు. నేనేం చెప్పను? బ్రేక్ టెస్టింగ్ అంటే ఏంటి? చూసింది చూసినట్టు రిపోర్ట్ చేయడం. అక్కడ మొహమాటాలు పనికిరావు కదా. నాకు చాలా బాధేసింది. మంచివాడు మీ నాన్న. చాలా మంచివాడు.”

వంటింట్లో కుళాయి ఆగింది, మళ్ళీ తిరిగింది. అమ్మకు వినబడిందో లేదో. వినకూడదని నేను నా ఒంటితో గుమ్మానికి అడ్డంగా జరిగాను. ఆ బంతివల్ల నాకు పోయింది ఒక్క వికెట్టేనని అప్పుడు తెలిసింది.

పెద్దవాళ్ళకు ఎదురు ప్రశ్న వేసే అలవాటు నాకు లేదు. ఆ ఒక్కసారి వేశాను.

“మరి మీరెందుకు వెనక్కి వచ్చారు అంకుల్?”

ఆయన తడబడలేదు. కప్పు సాసర్‌లో పెట్టి, చిన్నపిల్లకు రూలు నేర్పుతున్నట్టు ఓపిగ్గా నా వైపు చూశారు. ఆ తర్వాత ఆయన్ని నేను మళ్ళీ చూడలేదు. నాతో అన్న ఆఖరి మాట అదే:

“అంపైర్ పిలిచాడు కదమ్మా. ఆటన్నాక అంపైర్ మాట వినాలి.”